మిష్నా, తల్ముద్ పండితుల్లో ఎవరు ఎవరో తెలుసుకోవాలంటే ఏ పుస్తకం చూడాలి?

పల్నాటి పాఠకుడు | శనివారం ఉదయం 7:12

అందరికీ నమస్కారం. మా ఊరి చర్చిలో ఆదివారం సాయంత్రాలు కొంతమందిమి కూర్చుని బైబిల్ నెమ్మదిగా చదువుకుంటాం. ఇప్పుడు అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో ఉన్నాం. మహాసభలో గమలీయేలు లేచి మాట్లాడతాడు కదా, అక్కడ. 22వ అధ్యాయంలో పౌలు కూడా తాను గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నానని చెప్తాడు. "మరి యూదుల గ్రంథాల్లో ఈయన గురించి ఏముంది?" అని మాలో ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న అనిపించి పట్టుకున్నాను.

మిష్నాలో (యూదు పండితుల ధర్మశాస్త్ర తీర్పుల తొలి సంకలనం) ఒక భాగమైన పిర్కే అవోత్ ఇంగ్లీషు అనువాదం తెరిస్తే మొదటి అధ్యాయంలో ఒక గమలీయేలు, రెండో అధ్యాయం మొదట్లోనే ఇంకో గమలీయేలు. షిమోన్‌లకు లెక్కే లేదు. మిష్నాలో మిగతా చోట్ల చూస్తే ఊరికే "రబ్బీ అన్నాడు" అని ఉంటుంది, పేరే ఉండదు. ఎవరు ఏ కాలం వారో, ఎవరికి ఎవరు గురువో తెలియకుండా ముందుకు వెళ్తుంటే అంతా కలగాపులగం అయిపోతోంది.

ఈ పండితుల జీవిత వివరాలు ఒకచోట ఇచ్చే నమ్మకమైన పుస్తకం ఏది? నాకు హీబ్రూ రాదు. ఇంగ్లీషు చదవగలను.

పాత బీరువా | శనివారం ఉదయం 9:40

పల్నాటి గారూ, ముందు గమలీయేలు సంగతి తేల్చుకుందాం. పుస్తకాల మాట తర్వాత.

మీకు కావలసింది పెద్ద గమలీయేలు. క్రీ.శ. మొదటి శతాబ్దం, యెరూషలేము ఆలయం ఇంకా నిలిచి ఉన్న రోజులు. ఆయన మనవడు రెండో గమలీయేలు, 70లో ఆలయం కూలిపోయాక యవ్నే అనే ఊళ్ళో పండితులకు నాయకుడైనవాడు. మూడో ఆయన మిష్నాను కూర్చిన యెహూదా హనాసి కొడుకు. అవోత్ రెండో అధ్యాయంలో మీకు కనిపించింది ఈయనే. ఆ వంశంలో ఆ పేరు తర్వాత కూడా నడిచింది, 5వ శతాబ్దంలో చివరి నాసీగా (యూదు సమాజపు పెద్దగా) ఉన్న ఆయన ఆరో గమలీయేలు. మిష్నాలో ఉత్త "రబ్బాన్ గమలీయేలు" అని కనిపిస్తే ఎక్కువసార్లు యవ్నే ఆయనే అనుకోవాలి. మొదటాయనను వేరుచేయడానికి "పెద్ద" అని చేరుస్తారు కానీ అన్నిచోట్లా చేర్చలేదు. చిక్కంతా అక్కడే.

పెద్దాయన పేరు మీద మిష్నాలో ఉన్నవి తక్కువే, కానీ చూడండి ఎలాంటివో. విడాకుల పత్రం పంపేసిన భర్త, భార్యకు తెలియకుండా వేరే చోట న్యాయసభ పిలిపించి ఆ పత్రాన్ని రద్దు చేసుకునే అలవాటు ఉండేది. ఆమె పాపం విడాకులు అయ్యాయనుకుని ఇంకో పెళ్ళి చేసుకుంటే గతేమిటి? అలా చేయడానికి వీల్లేదని ఆయన కట్టడి చేశాడు (మిష్నాలో గిట్టిన్ అనే భాగం, 4:2). భర్త చనిపోయాడని ఒక్క సాక్షి చెప్పినా ఆ స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చనే తీర్పుకు కూడా ఆయన పేరే చెప్తారు (యెవామోత్ 16:7). ఆయన పోయాక తోరా మహిమ పోయిందని సోటా అనే మిష్నా భాగం చివర ఒక వాక్యం ఉంది. పౌలు పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఇక పుస్తకం. హెర్మన్ స్ట్రాక్ 1887లో జర్మన్‌లో ఒక పరిచయ గ్రంథం రాశాడు. దాన్ని గుంటర్ ష్టెంబెర్గర్ దాదాపు కొత్త పుస్తకంలా తిరగరాశాడు, దాని ఇంగ్లీషు అనువాదం 1991లో వచ్చింది. అందులో పండితుల మీద ఒక అధ్యాయం ఉంది. తరాలవారీగా వరస పెట్టాడు: ముందు మిష్నా కాలపు తన్నాయీములు, తర్వాత తల్ముద్ (మిష్నా మీద పండితుల చర్చల సంకలనం) కాలపు అమోరాయీములు. ఒక్కొక్కరికీ కొన్ని వాక్యాలే. తండ్రి పేరు, గురువు, ఉన్న ఊరు, ఎవరితో వాదించేవాడు, ఆయన మీద పరిశోధకులు ఏం రాశారు, అంతవరకే. కథలు చెప్పడు. మీలాంటివారు మొదట చూడాల్సింది ఇదే అని నా గట్టి నమ్మకం.

డబ్బు పెట్టకుండా కావాలంటే 1901–1906 మధ్య న్యూయార్క్‌లో 12 సంపుటాలుగా వచ్చిన జ్యూయిష్ ఎన్‌సైక్లోపీడియా మొత్తం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. మిష్నా కాలపు ప్రసిద్ధ పండితుడు అకీవా మీద వ్యాసం లూయీ గింజ్‌బెర్గ్ రాశాడు, ఇప్పటికీ చదవదగ్గది. పాతదే అయినా ఏ మాట ఏ గ్రంథంలో ఉందో పక్కనే ఇస్తారు, అది పెద్ద సాయం.

పల్నాటి పాఠకుడు | శనివారం ఉదయం 10:05

చాలా చాలా థాంక్స్ అండి. ఇప్పుడే ఎన్‌సైక్లోపీడియాలో చూశాను. గమలీయేలు, ప్రసిద్ధ పండితుడైన హిల్లేల్‌కు మనవడు అని ఉంది. ఇది ఖాయమేనా? చాలా బైబిల్ వ్యాఖ్యానాల్లో కూడా ఇలాగే రాస్తారు.

శాసనాల బాట | శనివారం ఉదయం 11:30

కాలేజీలో చరిత్ర చెప్తాను, ఈ విషయం నాకు ఇష్టమైనది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఆ "మనవడు" అనే మాటకు ఆధారం బాబిలోనియా తల్ముద్‌లో ఒక్కచోట ఉంది, షబ్బాత్ అనే భాగం, 15ఎ పుట. హిల్లేల్, షిమోన్, గమలీయేలు, షిమోన్ అనే నలుగురు ఆలయం ఉన్న కాలంలో నూరేళ్ళు నాయకత్వం వహించారని అక్కడ ఉంది. ఆ వరసను తండ్రీకొడుకుల వరసగా తీసుకుంటే హిల్లేల్ కొడుకు షిమోన్, ఆయన కొడుకు గమలీయేలు అవుతారు. మధ్యలో ఉన్న ఆ షిమోన్ గురించి మనకు ఇంకేమీ దొరకదు. ఆయన పేరు మీద ఒక్క తీర్పు లేదు, ఒక్క సూక్తి లేదు. అవోత్ మొదటి అధ్యాయం చూడండి: హిల్లేల్, షమ్మై తర్వాత గమలీయేలు వస్తాడు, ఎవరి కొడుకో చెప్పరు. వెంటనే వచ్చే షిమోన్‌ను మాత్రం "ఆయన కొడుకు" అంటారు.

ఆ కొడుకు షిమోన్‌కు బయటి సాక్ష్యం కూడా ఉంది. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ తన ఆత్మకథలో యెరూషలేము వాడు, గొప్ప వంశం వాడు, పరిసయ్యుడు అయిన గమలీయేలు కొడుకు సీమోను గురించి రాశాడు. తనను గలిలయలో పదవి నుంచి దింపించాలని చూసిన మనిషే అయినా ఆయన తెలివిని మెచ్చుకున్నాడు. పడనివాడి నోటి నుంచి వచ్చిన మాట కాబట్టి నేను దానికి ఎక్కువ బరువిస్తాను.

కాబట్టి మీ గ్రూప్‌లో "షబ్బాత్ 15ఎ ప్రకారం హిల్లేల్ వంశం వాడు" అని చెప్పండి, సరిపోతుంది. జీవిత చరిత్రల కోశం ఏది చూసినా ఇలాగే ప్రతి వాక్యం ఏ గ్రంథం నుంచి వచ్చిందో, ఆ గ్రంథం ఆ మనిషి తర్వాత ఎన్నేళ్ళకు వచ్చిందో చూసుకోండి. కోశంలో అన్ని వాక్యాలూ ఒకే గొంతుతో వినిపిస్తాయి, మూలంలో అలా ఉండవు.

డల్లాస్ అక్క | శనివారం రాత్రి 8:15

ఈ థ్రెడ్ చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నేను దఫ్ యోమీ ఫాలో అవుతాను. తల్ముద్ రోజుకో పత్రం చొప్పున చదివే పద్ధతి, 1923 నుంచి నడుస్తోంది. మొత్తం 2,711 పత్రాలు, ఏడున్నరేళ్ళు పడుతుంది. ఆఫీసుకు వెళ్ళే ముందు కాఫీతో పాటు ఒక పత్రం.

పల్నాటి తమ్ముడూ, ఉత్త పేర్ల సంగతి ఒకసారి పట్టుబడితే సగం టెన్షన్ పోతుంది. "రబ్బీ" అని ఊరికే ఉంటే యెహూదా హనాసి. "రవ్" అని ఊరికే ఉంటే అబ్బా అరీఖా, బాబిలోనియాలో సూరా విద్యాపీఠాన్ని నిలబెట్టినవాడు. మిష్నాలో "రబ్బీ షిమోన్" అంటే యోహాయ్ కొడుకు, "రబ్బీ యెహూదా" అంటే ఇలాయ్ కొడుకు. "రబ్బీ ఎలాజార్" దగ్గర మాత్రం జాగ్రత్త. మిష్నాలో అయితే షమ్మువా కొడుకు, తల్ముద్ పండితుల చర్చలో అయితే తిబెరియలో ఉన్న పెదాత్ కొడుకు. ఇద్దరి మధ్య నూరేళ్ళకు పైగా దూరం. ఇంకోటి, పేరు ముందు "రబ్బీ" ఉంటే ఇశ్రాయేలు దేశపు పండితుడు, "రవ్" ఉంటే బాబిలోనియా పండితుడు అని మామూలుగా అనుకోవచ్చు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది రబ్బా, రవా. రబ్బా బార్ నహ్మానీ పుంబెదితా విద్యాపీఠం పెద్ద, మూడో తరం. రవా మహోజా ఊరివాడు, నాలుగో తరం. హీబ్రూ రాతలో ఇద్దరికీ చివరి అక్షరం ఒక్కటే తేడా. చేత్తో ఎత్తిరాసేవాళ్ళు ఒకరి మాట ఇంకొకరికి అంటగట్టిన చోట్లు బోలెడు. బాబిలోనియా తల్ముద్ దాదాపు పూర్తిగా ఉన్న వ్రాతప్రతి ఒక్కటే, 1342లో రాసిన మ్యూనిక్ ప్రతి. దాన్నీ 1880ల్లో అచ్చయిన విల్నా ప్రతినీ పక్కపక్కన పెడితే ఈ రెండు పేర్లు తారుమారైన చోట్లు కనిపిస్తాయి.

అప్పుడు ఏం చేయాలి? పక్కన ఎవరున్నారో చూడాలి. ఎదుట రవ్ యోసెఫ్ ఉండి వాదిస్తుంటే రబ్బా అయ్యే అవకాశం ఎక్కువ, వాళ్ళిద్దరూ ఒక ఈడువాళ్ళు. ఎదుట అబయే ఉంటే చాలావరకు రవా. అబయే రబ్బా ఇంట్లోనే పెరిగాడు కాబట్టి ఆయనతో కూడా మాట్లాడతాడు, కానీ అది శిష్యుడు గురువును అడిగినట్టు ఉంటుంది. అందుకే నాకు కోశంలో పుట్టిన తేదీ కన్నా "గురువు ఎవరు, సహాధ్యాయి ఎవరు" అనే భాగమే ముఖ్యం.

కొత్త విద్యార్థిని | శనివారం రాత్రి 9:02

అక్కా, అసలు అందరికీ అవే పేర్లు ఎందుకు?

శాసనాల బాట | శనివారం రాత్రి 9:48

దీనికి తాల్ ఇలాన్ అనే పరిశోధకురాలి కృషి చూడాలమ్మా. ప్రాచీన యూదుల పేర్లన్నీ గ్రంథాలు, శాసనాలు, సమాధుల ఎముకల పెట్టెలు, పాపిరస్ పత్రాల నుంచి ఏరి పెద్ద కోశంగా వేసింది. పాలస్తీనాలో క్రీ.పూ. 330 నుంచి క్రీ.శ. 200 వరకు ఉన్న పేర్లతో మొదటి సంపుటి 2002లో వచ్చింది. షిమోన్, యోసెఫ్, ఎలాజార్, యెహూదా, యోహానాన్ లాంటి కొద్ది పేర్లే జనంలో విపరీతంగా వాడుకలో ఉండేవని దానివల్ల స్పష్టమైంది. యోహానాన్, షిమోన్, యెహూదా, ఎలాజార్ హస్మోనీయ సోదరుల పేర్లు కూడా. గ్రీకు రాజుల మీద తిరగబడి గెలిచిన ఇంటి పేర్లు పిల్లలకు పెట్టుకోవడం సహజమే కదా. కొత్త నిబంధనలో సీమోనులు, యోహానులు, యూదాలు అంతమంది ఉండడానికి కారణమూ అదే.

లెక్కల మాస్టారు | ఆదివారం ఉదయం 6:20

చర్చ చాలా బాగుంది. నా సందేహం సంవత్సరాల గురించి. రవ్ 247లో, రవా 352లో చనిపోయారని కచ్చితంగా వేస్తున్నారు. తల్ముద్‌లో తేదీలు ఉండవంటారు. మరి ఈ అంకెలు ఎక్కడివి?

పాత బీరువా | ఆదివారం ఉదయం 8:55

మాస్టారూ, మీరు అడిగింది అసలు వేరు. ఆ అంకెల్లో ఎక్కువ భాగం ఒక్క ఉత్తరం నుంచి వచ్చాయి.

ఉత్తర ఆఫ్రికాలోని కైరవాన్ నుంచి యాకోబ్ బెన్ నిస్సీమ్ అనే ఆయన పుంబెదితా పీఠాధిపతి షెరీరా గావోన్‌కు ప్రశ్నలు రాసి పంపాడు. మిష్నా ఎలా తయారైంది, తల్ముద్ ఎలా తయారైంది, పండితుల వరస ఏమిటి అని. 987లో షెరీరా పెద్ద జవాబు రాశాడు. అందులో ఏ పీఠాధిపతి ఏ సంవత్సరం చనిపోయాడో సెల్యూకస్ శకంలో (అప్పటి యూదులు వాడిన సంవత్సరాల లెక్క) ఇచ్చాడు. దాన్నుంచి 311 తీసేస్తే దాదాపుగా క్రీస్తు శకం వస్తుంది. రవ్ బాబిలోనియాకు వచ్చింది 530, అంటే 219. చనిపోయింది 558, అంటే 247. నెహర్దెయా షమూయేల్ 565, అంటే 254. అబయే 649, అంటే 338. రవా 663, అంటే 352.

రవా పోయినప్పటికీ షెరీరా రాసినప్పటికీ మధ్య 635 ఏళ్ళు. విద్యాపీఠంలో భద్రపరిచిన జాబితాలు ఆయన చేతిలో ఉన్నాయని నేను నమ్ముతాను, లేకపోతే అంత వరసగా రాయడం కష్టం. అయినా ఆ ఉత్తరానికే ఫ్రెంచి పాఠం, స్పానిష్ పాఠం అని రెండు రూపాలున్నాయి. మిష్నాను యెహూదా హనాసి రాతలో పెట్టాడా, నోటితోనే అప్పగించాడా అన్న అసలు విషయం దగ్గరే అవి రెండూ విడిపోతాయి. బాబిలోనియా వారి సంవత్సరాలకు ఈ ఉత్తరం ఒక ఆసరా. ఇశ్రాయేలు దేశపు పండితులకు ఇలాంటి జాబితా లేదు, అందుకే వాళ్ళను తరాలతోనే లెక్కపెడతారు.

ఆ తర్వాతి కోశాలన్నీ దీని మీద కట్టినవే. అబ్రహాం జకూతో రాసిన సెఫెర్ యుహాసిన్ గురించి చెప్పాలి. ఈయన ఖగోళ శాస్త్రవేత్త. వాస్కో డ గామా మన కాలికట్ దాకా వచ్చిన ప్రయాణంలో వాడినవి ఈయన వేసిన పట్టికలే. స్పెయిన్ నుంచి 1492లో తరిమేస్తే పోర్చుగల్ చేరాడు, అక్కడి నుంచి కూడా పారిపోయి ట్యూనిస్‌లో 1504 ప్రాంతంలో పండితుల వంశావళి పూర్తిచేశాడు. నిలువ నీడ లేని స్థితిలో, తనకు వెయ్యేళ్ళ కిందటి గురువుల పేర్లు ఒక్కొక్కటే సరిచూసుకుంటూ కూర్చున్న మనిషిని తలచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

తర్వాత మిన్‌స్క్ నగరపు యెహియేల్ హైల్‌ప్రిన్ సెదెర్ హదోరోత్ రాశాడు, ఆయన పోయాక 1769లో అచ్చయింది. 1910లో లండన్‌లో ఆరన్ హైమన్ మూడు సంపుటాల తోల్‌దోత్ తన్నాయీమ్ వె అమోరాయీమ్ వేశాడు. అక్షర క్రమంలో ఉంటుంది, ఒక్కసారే కనిపించే చిన్న పండితుడిని కూడా వదలడు. హీబ్రూ వచ్చినవారికి అది పెన్నిధి.

ఉపదేశి | ఆదివారం మధ్యాహ్నం 2:10

అందరూ పెద్దలే, తప్పుగా అనుకోకండి. ఇలా ప్రతి వాక్యాన్నీ వేరుచేసి అనుమానిస్తూ పోతే అకీవా దగ్గర ఏం మిగులుతుంది? నలభయ్యో ఏట అక్షరాలు దిద్దిన గొర్రెల కాపరి, నీటి చుక్కలకు అరిగిన రాయిని చూసి "నా గుండె ఇంతకన్నా గట్టిదా" అనుకున్నవాడు. ఆ కథ విని చదువు మొదలుపెట్టిన పెద్దవయసువాళ్ళను నేను చూశాను. హైమన్ లాంటివారు ఆ కథలను నమ్మి, ప్రేమతో ఒకచోట పేర్చారు. ష్టెంబెర్గర్ నాలుగు వాక్యాలు ఆ పని చేయగలవా?

శాసనాల బాట | ఆదివారం సాయంత్రం 4:35

ఉపదేశి గారూ, మీ ఆవేదన నాకు అర్థమైంది. కథను పారేయమని నేను అనడం లేదు, అది ఎవరి చేతి మీదుగా వచ్చిందో చెప్పమంటున్నాను. శ్రీనాథుడి పేరు మీద చలామణీలో ఉన్న చాటుపద్యాలన్నీ ఆయనవే అని ఇప్పుడు ఎవరూ అనరు. అలాగని వాటిని చదవడం మానేశామా?

అకీవానే తీసుకోండి. 120 ఏళ్ళు బతికాడని కోశాల్లో ఉంటుంది. ద్వితీయోపదేశకాండం మీద సిఫ్రే అనే వ్యాఖ్యలో చూస్తే 120 ఏళ్ళు బతికినవారు నలుగురు: మోషే, హిల్లేల్, యోహానాన్ బెన్ జక్కాయ్, అకీవా. నలుగురి జీవితాలూ నలభై, నలభై, నలభైగా సమంగా తెగుతాయి. ఆ లెక్క ఆయన వయసు చెప్పడానికి వేసింది కాదు, ఆయన్ని మోషే పక్కన కూర్చోబెట్టడానికి వేసింది. అది తెలిశాక నాకు అకీవా మీద గౌరవం పెరిగింది. ఆయన భార్య కథ కెతుబోత్ 62బిలో ఉంది, అక్కడ ఆమె కల్బా సావువా కూతురు, పేరు లేదు. రాహేలు అనే పేరు, అవోత్‌ను విస్తరించి చెప్పే అవోత్ దె రబ్బీ నాతాన్‌లో వస్తుంది. ఆయన మరణం యెరూషలేము తల్ముద్‌లో (ఇశ్రాయేలు దేశపు పండితులది) ఒకలా, బాబిలోనియా తల్ముద్‌లో ఇంకోలా ఉంటుంది. మొదటిదాంట్లో రోమన్ అధికారి రూఫస్ ఎదురుగా ఉంటాడు. రెండోదాంట్లో శిష్యులు అడుగుతారు, దేవదూతలు కూడా అడుగుతారు.

జేకబ్ నోయిస్నర్ 1962లో యోహానాన్ బెన్ జక్కాయ్ జీవిత చరిత్ర రాశాడు. 1970లో అదే మనిషి మీద ఇంకో పుస్తకం వేశాడు. ఈసారి జీవితం చెప్పలేదు, ఆయన గురించిన ఒక్కో కథ ఒక్కో గ్రంథంలో ఎలా పెరిగిందో వరసగా చూపించాడు. ఆ తర్వాత పాత పద్ధతిలో రబ్బీల జీవిత చరిత్రలు రాయడానికి పరిశోధకులు వెనకాడారు.

డల్లాస్ అక్క | ఆదివారం రాత్రి 7:50

ఉపదేశి గారూ, నా మనసుకు దగ్గరైన ఉదాహరణ ఇస్తాను. బెరూరియా.

కోశాల్లో ఆమె గురించి ఒకే కథలా ఉంటుంది: హనన్యా బెన్ తెరాదియోన్ కూతురు, రబ్బీ మేయీర్ భార్య, ఒక్కరోజులో మూడు వందల సూత్రాలు నేర్చిన మేధావి, చివరికి అవమానంతో ప్రాణం తీసుకుంది. చదివి చాలా బాధపడ్డాను.

ఒక్కో ముక్క ఎక్కడిదో చూడండి. అన్నిటికన్నా పాతదైన తొసెఫ్తాలో (మిష్నాకు అనుబంధంలాంటి సంకలనం), కెలీమ్ భాగంలో, బెరూరియా అనే స్త్రీ ఒక శుద్ధి నియమం చెప్తుంది, రబ్బీ యెహోషువా "బెరూరియా బాగా చెప్పింది" అంటాడు. అదే భాగంలో వేరేచోట హనన్యా కూతురు తన అన్నదమ్ముడి కన్నా బాగా చెప్పిందని మెచ్చుకుంటారు, అక్కడ ఆమె పేరు లేదు. ఇద్దరూ ఒకరే అని, మేయీర్ భార్య అని చెప్పేది బాబిలోనియా తల్ముద్ మాత్రమే. డేవిడ్ గుడ్‌బ్లాట్ 1975లో ఈ విషయం విడమరిచి రాశాడు. ఇక ఆ విషాదాంతం? అది తల్ముద్‌లో లేనే లేదు. 11వ శతాబ్దపు రాషీ వ్యాఖ్యలో, అవోదా జారా 18బి దగ్గర ఉంది. ఆమె కాలానికి తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత!

ముక్కలు వేరు చేయకపోతే ఆ చివరి కథ ఆమె జీవితంలో భాగమైపోతుంది. వేరు చేస్తే, తన ఊరి పండితుల మధ్య కూర్చుని శుద్ధి నియమం చెప్పి ఒప్పించిన స్త్రీ మిగులుతుంది. నాకు ఆమె చాలు.

ఉపదేశి | ఆదివారం రాత్రి 8:30

అమ్మా, బెరూరియా చివరి కథ రాషీ దగ్గరిదని నేను ఎక్కడా చదవలేదు. ఇది తప్పకుండా చూస్తాను. అకీవా రాయి కథ మాత్రం నేను చెప్తూనే ఉంటాను, అవోత్ దె రబ్బీ నాతాన్ పేరు కూడా చేర్చి.

పాత బీరువా | ఆదివారం రాత్రి 8:52

జర్మన్ వచ్చినవారు ఎవరైనా ఉంటే విల్‌హెల్మ్ బాఖర్ సంపుటాలు వదలకండి. 1878 నుంచి 1899 వరకు వేశాడు. ఒక్కో పండితుడి పేరు కింద ఆయన చెప్పిన బోధలు విషయాలవారీగా ఉంటాయి. ధర్మశాస్త్ర తీర్పులు తీసుకోలేదు, కథలు, వ్యాఖ్యానాలు, సూక్తులు మాత్రమే. కాబట్టి బాఖర్ ఒక్కడినే చదివితే తీర్పులు చెప్పే పండితుడు కవిలా కనిపిస్తాడు. వాడేటప్పుడు అది గుర్తుంచుకోవాలి.

కొత్త విద్యార్థిని | ఆదివారం రాత్రి 9:15

గ్రంథాలు కాకుండా, ఈ పండితుల పేర్లు రాళ్ళ మీద ఎక్కడైనా దొరికాయా సార్?

శాసనాల బాట | సోమవారం ఉదయం 7:05

దొరికాయమ్మా. గలిలయలో బేత్ షెయారీమ్ అనే చోట కొండను తొలిచిన సమాధి గుహలు ఉన్నాయి. యెహూదా హనాసి సెప్ఫోరిస్‌లో చనిపోయాడని, ఆయన్ని బేత్ షెయారీమ్‌లో పెట్టారని కెతుబోత్ 103బిలో ఉంది. 1936 నుంచి బెంజమిన్ మజార్, 1950ల్లో నహ్మాన్ అవిగాద్ అక్కడ తవ్వకాలు జరిపారు. 14వ గుహలో రబ్బీ షిమోన్ అని, రబ్బీ గమలీయేలు అని రాతలు దొరికాయి. అదే గుహలో అనీనా (హనీనాకు ఇంకో రూపం) అనే పేరు కూడా ఉంది. కెతుబోత్‌లోని అదే పత్రంలో, యెహూదా హనాసి చనిపోయే ముందు కొడుకులు షిమోన్‌కు, గమలీయేలుకు, శిష్యుడు హనీనా బార్ హామాకు పదవులు పంచుతాడు. మూడు పేర్లూ ఒకే గుహలో కనబడేసరికి ఇది ఆ కుటుంబపు గుహే అని చాలామంది అంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది, కానీ ఆ పేర్లు ఎంత మామూలువో పైన చెప్పుకున్నాం కాబట్టి రుజువైందని రాయను.

ఇంకో జాగ్రత్త. రాయి మీద "రబ్బీ" అని ఉండగానే తల్ముద్ పండితుడు దొరికాడని అనుకోకూడదు. షే కోహెన్ 1981లో అలాంటి శాసనాలన్నీ ఒకచోట చేర్చి చూపించాడు, వాటిలో చాలావరకు గ్రంథాల్లో ఎక్కడా లేని మనుషులు. ఊళ్ళో పలుకుబడి ఉన్న పెద్దమనిషిని, ప్రార్థనా మందిరానికి చందా ఇచ్చిన దాతను కూడా అలా పిలిచేవారు. అందుకే ఇలాంటి శాసనాలకు ఇలాన్ కోశం చూడు, హైమన్ దగ్గర వాళ్ళు ఉండరు.